నల్ల ముసుగు లేని నింజాలు

1676లో జపాన్‌లోని ఇగా ప్రాంతంలో ఫుజిబయాషి యసుతాకె అనే ఆయన ‘బాన్‌సెన్‌షూకాయ్’ అనే గ్రంథం కూర్చాడు. ఇగా, కోగా ప్రాంతాల్లో అప్పటికి మిగిలి ఉన్న నింజా విద్యను ఒకచోట చేర్చిన పుస్తకం అది. 22 సంపుటాలు. గోడలెక్కే కొక్కేలు, తలుపు గడియలు తీసే పనిముట్లు, మందుగుండు పాళ్లు, నీళ్లు దాటే సాధనాలు అన్నీ అందులో ఉన్నాయి. అయితే అవన్నీ చివర్లో వస్తాయి. మొదట వచ్చేది మనసును సరైన దారిలో నిలుపుకోవడం గురించిన ప్రకరణం. తర్వాత, ఇలాంటి మనుషులను సేనాధిపతి ఎలా ఏరుకోవాలి, ఎలా వాడుకోవాలి అన్నది. ఆపైన వేషం మార్చి పట్టపగలే శత్రువుల మధ్యకు వెళ్లడం. చీకట్లో గోడ దూకే పని వీటన్నిటి తర్వాతే.

ఆ వరుస చూస్తేనే ఈ వృత్తి స్వభావం అర్థమవుతుంది. నింజా పని సమాచారం తేవడం, శత్రువు ఇంట్లో అలజడి పుట్టించడం, ప్రాణాలతో తిరిగి రావడం. కత్తి దూయాల్సి వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. సినిమాలు, కామిక్స్, వీడియోగేములు వందేళ్లుగా చూపిస్తున్న నల్ల ముసుగు హంతకుడు ఈ వరుసను తలకిందులు చేస్తే పుట్టినవాడు. అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు వీళ్లు పుట్టిన నేల గురించి తెలియాలి.

ఇగా అంటే నేటి మియె ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) పశ్చిమ భాగం. కొండకు అవతల, నేటి షిగా ప్రిఫెక్చర్ దక్షిణాన ఉన్నది కోగా. అక్కడివాళ్లు కోకా అని పలుకుతారు. రెండూ చుట్టూ కొండలున్న ప్రాంతాలే. అప్పటి రాజధాని క్యోటోకి, ఆలయాల నగరం నారాకి దగ్గరే అయినా, బయటి సైన్యం లోపలికి రావాలంటే ఇరుకైన కనుమలు దాటాల్సిందే. 15, 16 శతాబ్దాల్లో జపాన్‌లో యుద్ధప్రభువులు ఒకరినొకరు మింగేస్తున్న కాలంలో కూడా ఇక్కడ బలమైన ప్రభువు ఎవరూ నిలదొక్కుకోలేదు. ఊరూరా చిన్న భూస్వామి కుటుంబాలు, వాటి చుట్టూ మట్టికట్టలు పోసిన చిన్న కోటలు. ఇగాలో అలాంటి కోటలు వందల్లో ఉండేవి. పక్క కుటుంబంతో తగాదాలు, రాజీలు, బయటివాడు దండెత్తి వస్తే అందరూ కలిసి ఎదుర్కోవడం, ఇదే అక్కడి బతుకు. కొద్దిమందితో, తెలిసిన కొండదారుల్లో, రాత్రిపూట దెబ్బకొట్టి తప్పుకోవడం వాళ్లకు చిన్ననాటి నుంచే అలవడింది. ఆ నేర్పుకు బయట గిరాకీ ఏర్పడింది. కోట ముట్టడి ఎటూ తెమలనప్పుడు పొరుగు ప్రభువులు ఇగా మనుషులకో కోగా మనుషులకో కబురు పెట్టేవారు.

ఇగా కుటుంబాలు ఉమ్మడిగా రాసుకున్న 11 అంశాల కట్టుబాటు పత్రం ఒకటి నేటికీ మిగిలి ఉంది. బయటి సైన్యం ఇగాలోకి అడుగుపెడితే అందరూ ఒక్కటై ఎదిరించాలి. కనుమల దగ్గర కావలివాళ్లు కబురు పంపగానే ఊరూరా గంటలు మోగించాలి, తిండీ ఆయుధాలూ పట్టుకుని బయల్దేరాలి. 17 ఏళ్ల నుంచి 50 ఏళ్ల దాకా మగవాళ్లంతా యుద్ధానికి రావాలి. పరాయి సైన్యాన్ని లోపలికి పిలిచినవాడి ఆస్తి జప్తు. శత్రువు కోటను పట్టుకోవడంలో సాయపడిన మామూలు సైనికుడికి మంచి బహుమతి, సమురాయ్ హోదా. ఈ చివరి నియమం దగ్గర కాసేపు ఆగాలి. పుట్టుకను బట్టి మనిషి స్థానం నిర్ణయమయ్యే సమాజంలో, కోటలోకి దూరి పని చక్కబెట్టుకొచ్చిన సామాన్యుడిని యోధుల వరసలో కూర్చోబెడతామని రాతపూర్వకంగా మాటిచ్చారు. నింజా అనగానే సమురాయ్‌కి బద్ధవిరోధి అన్న ఊహ మనకు కథల నుంచి వచ్చింది. ఇగాలో ఈ రెండింటి మధ్య గీత అంత గట్టిగా లేదు. చాలామంది పొద్దున రైతులు, మధ్యాహ్నం సైనికులు, అవసరమైన రాత్రి వేగులు.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 17వ శతాబ్దపు చివర్లో ఇగా యుద్ధాల చరిత్ర రాసిన కికుఓకా న్యోగెన్ ఇంచుమించు ఇదే చెప్పాడు. పూర్వం ఇగా జనం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, మధ్యాహ్నం దాకా ఇంటి పనీ పొలం పనీ చూసుకుని, అక్కడి నుంచి పొద్దుగూకే దాకా ఆయుధ విద్యలు, రహస్యంగా చొరబడే విద్య సాధన చేసేవారట. కొండ గుహలో గురువు, లోకానికి దూరంగా పెరిగిన శిష్యుడు అన్న చిత్రం కంటే ఈ దినచర్య ఎంతో నమ్మదగ్గది. రోజూ పెరిగే జనుము మొక్క మీదుగా దూకుతూ ఎత్తులు దూకడం నేర్చుకున్నారని, ఛాతీ మీద పెట్టుకున్న గడ్డి టోపీ కింద పడనంత వేగంగా పరుగెత్తేవారని చెప్పే కథలన్నీ తర్వాతి కాలపు ప్రచారం.

మరి గ్రంథాలు ఏం నేర్పుతాయి? ఈ విద్యను వంద పద్యాల్లో చెప్పిన ఒక పాత సంకలనం ఉంది. అందులోని ఒక పద్యం ప్రకారం వేగుకు కావలసినవి మూడు: జంకులేనితనం, మాటకారితనం, యుక్తి. కండబలం ఆ జాబితాలో లేదు. మాటకారితనాన్ని రెండో స్థానంలో పెట్టడం ఊరికే కాదు. 1681లో కిషూ సంస్థానానికి చెందిన నతోరి వంశస్థుడు రాసిన ‘షోనిన్‌కి’ అనే గ్రంథం, ఎదుటివాడి నోటి నుంచి మాట ఎలా రాబట్టాలి, ఆలయాల్లో ఎవరిని పలకరించాలి, ముఖం చూసి మనిషిని ఎలా అంచనా వేయాలి అన్నవాటికి ఎంతో చోటు ఇచ్చింది. వేషాలు ఏడు అని అదే గ్రంథం చెబుతుంది: బుట్టలాంటి టోపీతో ముఖమంతా కప్పుకుని వేణువు ఊదుతూ తిరిగే సన్యాసి, బౌద్ధ భిక్షువు, కొండల్లో తపస్సు చేసే యమబుషి, వ్యాపారి, వీధి గారడీవాడు, నాటకాలవాడు, చివరిగా మామూలు మనిషి. పొలిమేర దాటి వచ్చినా ఎవరూ ఎందుకొచ్చావని అడగని వృత్తులివి. మన పల్లెల్లో పగటివేషగాడు ఏ వీధిలోకి వచ్చినా ఎవరూ అడ్డుచెప్పనట్టే, వీళ్లకూ ఊళ్లో తిరగడానికి ఆ వృత్తే అనుమతి. అయితే వేషం కడితే సరిపోదు. వ్యాపారి వేషం వేసినవాడికి సరుకు ధర తెలియాలి, భిక్షువుకు సూత్రాలు నోటికి రావాలి, పక్క ప్రాంతపు యాస పట్టుబడాలి. నింజా సాధనలో ఎక్కువ కాలం తినేసే భాగం ఇదే అయి ఉండాలి. తెరమీద చూపించడానికి పనికిరాని భాగం కూడా ఇదే.

‘బాన్‌సెన్‌షూకాయ్’లో బహిరంగ చొరబాటు పద్ధతులకు చక్కని పేర్లున్నాయి. ‘ప్రతిధ్వని’ అనే పద్ధతిలో వేగు తన యజమానితో అందరికీ తెలిసేలా గొడవపడి, వెళ్లగొట్టించుకుని, శత్రువు దగ్గర కొలువు సంపాదిస్తాడు. ‘మిణుగురు వెలుగు’లో, శత్రుపక్షంలోని ఒక సమర్థుడైన మంత్రి మనతో కుమ్మక్కయ్యాడని అనిపించేలా దొంగ ఉత్తరం సృష్టించి, అది పట్టుబడేలా చూస్తాడు. అక్కడి ప్రభువే తన మంత్రిని అనుమానించి తొలగించుకుంటాడు. ఇంకొకటి శత్రువు ఇంట్లోనే మనిషిని సంపాదించుకోవడం, మన పత్రికల భాషలో చెప్పాలంటే కోవర్టును తయారుచేయడం. ఎవరిని తిప్పుకోవచ్చో కూడా గ్రంథం వివరిస్తుంది: తండ్రిని అన్యాయంగా శిక్షిస్తే కడుపులో మంట దాచుకున్నవాడు, ప్రతిభ ఉండి కింది ఉద్యోగంలోనే మిగిలిపోయినవాడు, డబ్బు యావ ఉన్నవాడు. మూడున్నర శతాబ్దాల నాటి ఈ జాబితాను నేటి గూఢచార సంస్థలు కూడా పెద్దగా మార్చుకోవాల్సిన పనిలేదు.

రాత్రి పనిలోనూ బుద్ధికే పెద్దపీట. ఒక ఇంట్లోకి ఏ రాత్రి దూరాలి అన్న ప్రశ్నకు అదే గ్రంథం ఎనిమిది సందర్భాలు చెబుతుంది. పెళ్లి జరిగిన మర్నాటి రాత్రి, ఇంట్లో రోగి కోలుకున్న రాత్రి, విందూ తాగుడూ జరిగిన రాత్రి, పొరుగింట్లో అగ్నిప్రమాదమో గొడవో జరిగిన మర్నాటి రాత్రి, ఇల్లు కట్టే పనిలో అలసిపోయిన రాత్రి, చావు దుఃఖంలో నిద్రలేక అలసిన తర్వాతి రాత్రి, గాలివాన రాత్రి, ఊళ్లో ఏదో కలకలం రేగిన రాత్రి. ఇంట్లోవాళ్లు ఎప్పుడు ఒళ్లు తెలియకుండా నిద్రపోతారో ఇంతగా గమనించినవాడికి గోడ ఎత్తు పెద్ద సమస్య కాదు. కాపలా కుక్కలకు ముష్టి గింజల విషం కలిపిన అన్నం ముద్దలు వేయమంటుంది. చప్పుడు కాకుండా నడవడానికి ఎన్నో రకాల అడుగులు చెబుతారు. వాటిలో ఒకటి, నేల మీద చేతులు పెట్టి ఆ చేతుల మీద పాదాలు మోపుతూ వంగి కదలడం. నాలుగడుగులు వేసి చూస్తే చాలు, ఎంత నడుము బలం కావాలో తెలిసిపోతుంది.

వెంట ఉండాల్సిన సామాను ఆరు వస్తువులే అని ‘షోనిన్‌కి’ చెబుతుంది: ముఖం కప్పే అల్లిక టోపీ, కొక్కెం కట్టిన తాడు, రాసుకోవడానికి రాతి బలపం, మందులు, దాదాపు 90 సెంటీమీటర్ల తుండుగుడ్డ, నిప్పు దాచే వెదురు గొట్టం. ఏ బాటసారి మూటలోనైనా ఉండే వస్తువులే, ఒక్క కొక్కెం తాడు తప్ప. సోదా చేసినా అనుమానం రాదు. ఎక్కువ పనిముట్లు మోసేవాడి కంటే ఒక్క పనిముట్టుతో నాలుగు పనులు చేసేవాడే నేర్పరి అని ‘బాన్‌సెన్‌షూకాయ్’ అంటుంది. ఆకలి తీర్చే ఉండలు, దాహం తీర్చే ఉండలు కూడా ఈ గ్రంథాల్లో కనిపిస్తాయి. మొదటివి పిండి, దుంపలు, జిన్‌సెంగ్ వంటివి సారాలో చాలాకాలం నానబెట్టి చేసేవి. రెండోవాటిలో ముఖ్యమైనది నోట్లో నీరూరించే, ఉప్పులో ఊరేసిన ఉమె అనే పుల్లటి పండు గుజ్జు. చేతివేళ్లతో ముద్రలు కట్టి, మరీచి దేవతను ధ్యానించడం కూడా సాధనలో భాగమే. బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి చైనా మీదుగా వెళ్లిన ఆ దేవతను సమురాయ్‌లు కూడా కొలిచేవారు. చూపుకు అందని ఎండమావి రూపం ఆమెది కాబట్టి అదృశ్యంగా ఉండాలనుకునేవాళ్లకు ఇష్టదైవం అయ్యింది. మాయమైపోవడం ఆ ముద్రల లక్ష్యం కాదు, చీకట్లో ఒంటరిగా ఉన్నవాడి గుండెదడ అదుపులో ఉంచడమే వాటి ప్రయోజనం అనుకోవడం సబబు.

ఇక అసలు యుద్ధాలు. 1487లో షోగున్ (దేశపు సైనిక పాలకుడు) అషికాగ యోషిహిసా, మాట వినని ప్రభువు రొక్కాకు తకయోరిని అణచడానికి స్వయంగా దండెత్తి మగారి దగ్గర విడిది చేశాడు. రొక్కాకు తరఫున కోగా యోధులు ఆ విడిది మీద రాత్రి దాడులు చేసి పేరు తెచ్చుకున్నారు. షోగున్ గెలవకుండానే 1489లో ఆ విడిదిలోనే జబ్బుతో చనిపోయాడు. 1541లో నారాలోని ఒక మఠపు దినచర్య పుస్తకంలో, ఇగా మనుషులు కసాగి కోటలోకి రహస్యంగా దూరి భిక్షువుల వసతుల్లో కొన్నింటికి నిప్పంటించారని క్లుప్తంగా రాసి ఉంది. జరిగిన రోజుల్లోనే రాసుకున్న వాక్యం కాబట్టి దాని విలువ ఎక్కువ.

1562 నాటి కమినోగో కోట దాడి మరింత వివరంగా తెలుస్తుంది. అప్పటికి యువకుడు, తర్వాతి కాలంలో షోగున్ అయిన తొకుగావ ఇయెయాసు భార్య, కొడుకు ఇమగావ వంశం దగ్గర బందీలుగా ఉన్నారు. ఇమగావ పక్షాన ఉన్న ఉదొనో నగతెరు కోట అది. ఇయెయాసు కోగా మనుషులను పిలిపించాడు. వాళ్లు రాత్రి కోటలోకి చేరి బురుజులకు నిప్పంటించారు, కేకలు పెట్టకుండా, దాదాపు మౌనంగా అటూ ఇటూ పరుగులు తీశారు. బయటి శత్రువైతే అరుస్తూ వస్తాడు. మాట్లాడకుండా తిరుగుతున్నవాళ్లను చూసి కోటలోవాళ్లు తమవాళ్లే తిరగబడ్డారనుకున్నారు. ఆ గందరగోళంలో నగతెరు ప్రాణం పోయింది, అతని ఇద్దరు కొడుకులు పట్టుబడ్డారు. వాళ్లను ఇచ్చి ఇయెయాసు తన భార్యనూ కొడుకునూ వెనక్కి తెచ్చుకున్నాడు. నింజాలు ఎలా పోరాడేవారు అంటే చూపించాల్సిన ఉదాహరణ ఇదే. నిప్పు, చీకటి, ‘మనలోనే ద్రోహి ఉన్నాడు’ అన్న భయం, ఈ మూడే వాళ్ల ఆయుధాలు.

ఆ భయానికి విరుగుడు కూడా పుట్టింది. తూర్పున హోజో వంశం దగ్గర ఫూమా అనే నాయకుడి కింద రెండు వందల మంది రాత్రి దాడి ముఠా ఉండేదని తర్వాతి, అంటే ఎదో నగరం (నేటి టోక్యో) నుంచి షోగున్లు పాలించిన కాలపు ఒక యుద్ధగాథ చెబుతుంది. శత్రువులైన తకేదా వంశపు సైన్యం విడిది మీద వాళ్లు రోజూ పడుతుంటే, కోపం పట్టలేని కొందరు తకేదా సైనికులు ఫూమాను చంపాలని తిరిగి వెళ్తున్న ముఠాలో కలిసిపోయారు. ముఠా ఒకచోట ఆగింది, కాగడాలు వెలిగాయి, ఒక సంకేతం వినిపించింది, అందరూ ఒక్కసారి లేచారు, ఒక్కసారి కూర్చున్నారు. ఆ సంకేతం తెలియనివాళ్లు ఎటూకాకుండా దొరికిపోయి అక్కడే చచ్చారు. గాథలో కొంత అల్లిక ఉండొచ్చు కానీ, లేచి కూర్చునే ఆ పద్ధతిని నింజా గ్రంథాలూ ప్రస్తావిస్తాయి.

ఇగా స్వేచ్ఛ ఎక్కువ కాలం నిలవలేదు. 1579లో, దేశాన్ని ఏకం చేయడానికి పూనుకున్న యుద్ధప్రభువు ఓదా నొబునాగా కొడుకు నొబుకాత్సు తండ్రికి చెప్పకుండా ఇగా మీదికి వెళ్లి, కనుమల్లో చావుదెబ్బ తిని వెనక్కి వచ్చాడు. నొబునాగా అతన్ని తీవ్రంగా మందలిస్తూ ఉత్తరం రాశాడు. 1581లో నొబునాగా సైన్యం 40,000కు పైగా బలగంతో నలుమూలల నుంచీ ఒకేసారి ప్రవేశించింది. చొరబాటు విద్య, కొండదారుల జ్ఞానం ఆ సంఖ్య ముందు నిలవలేదు. ఊళ్లు, ఆలయాలు తగలబడ్డాయి, ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదల్లేదు. నింజాల గురించి ఇన్ని కథలు తిరుగుతున్న లోకంలో ఈ ఊచకోత గురించి మాట్లాడేవాళ్లు తక్కువగా ఉండటం బాధాకరం. ఎవరికీ లొంగకుండా తమను తాము పాలించుకున్న పల్లెల సమాఖ్య ఒకటి కొద్ది వారాల్లో తుడిచిపెట్టుకుపోయింది.

మరుసటి ఏడాది జూన్‌లో నొబునాగా తన సేనాని తిరుగుబాటులోనే ప్రాణాలు కోల్పోయాడు. అప్పుడు సకాయ్ దగ్గర కొద్దిమంది అనుచరులతో ఉన్న ఇయెయాసు ఇగా కొండల మీదుగా తన రాజ్యానికి తప్పించుకోవాల్సి వచ్చింది. ఆ దారిలో కాపాడిన ఇగా, కోగా మనుషులను తర్వాత ఆయన కొలువులో పెట్టుకున్నాడు. ఇగా దళానికి నాయకుడు హత్తోరి హంజో. కార్టూన్లు, గేములు, సినిమాల వల్ల ప్రపంచమంతా తెలిసిన ఈ పేరు వెనుక ఉన్న మనిషి తండ్రిది ఇగా, కానీ తాను పుట్టింది ఇయెయాసు రాజ్యమైన మికావాలో. ఈటె పోరులో ‘దెయ్యం హంజో’ అనిపించుకున్న సమురాయ్ సేనాని ఆయన. టోక్యో రాజభవనంలోని హంజోమొన్ ద్వారం, దాని పేరు పెట్టిన మెట్రో లైన్, యోత్సుయాలోని ఆలయంలో భద్రపరిచిన ఈటె ఆయన గుర్తులు.

ఇయెయాసు షోగున్ అయి శాంతి వచ్చాక ఈ వృత్తికి గడ్డుకాలం మొదలైంది. ఎదో కోట ద్వారాల దగ్గర కాపలా కాయడం ఇగా, కోగా దళాల పని అయ్యింది. హంజో కొడుకు తమను ఇంటి పనివాళ్లలా వాడుకుంటున్నాడని 1605లో ఇగా కాపలావాళ్లు ఒక ఆలయంలో చేరి తిరగబడ్డారు. చివరికి అతని పదవి ఊడింది. 1638లో క్యూషూ దీవిలోని షిమబరాలో తిరగబడ్డ క్రైస్తవ రైతులు పట్టు వదలని హారా కోట దగ్గరికి పదిమంది దాకా కోగా మనుషులు వెళ్లారు. కందకం లోతు, గోడ ఎత్తు, దారి స్థితి, తుపాకీ కన్నాల ఆకారం కొలిచి పటం గీశారు. తిండి మూటలు ఎత్తుకొచ్చారు. కానీ లోపల కలిసిపోవాలని చూస్తే క్యూషూ యాస, క్రైస్తవుల ప్రార్థన మాటలు అర్థం కాలేదు. ఒక రాత్రి లోపలికి వెళ్లినవాళ్లు గోతిలో పడి, రాళ్ల దెబ్బలు తిని, శిలువ గుర్తున్న జెండా ఒకటి పట్టుకుని ఎలాగో బయటపడ్డారు. అంత పాతబడిన విద్యకు అది గౌరవనీయమైన పరీక్షే.

ఆ తర్వాత పెద్ద యుద్ధం లేదు. గ్రంథాలు పుట్టింది ఈ దశలోనే, తాతల విద్య తమతోనే పోతుందన్న దిగులుతో. 1716లో కిజు ఇనోసుకె అనే ఇగా మనిషి గురువుకు రాసిచ్చిన ప్రతిజ్ఞాపత్రం ఒకటి దొరికింది: నేర్పిన విద్యను కన్న పిల్లలకూ అన్నదమ్ములకూ కూడా చెప్పను, మాట తప్పితే దేవతలందరి శాపం నా వంశానికి తరతరాలు తగలాలి అని అందులో ఉంది. 1789లో కోగా యోధుల వారసులు కొందరు ‘బాన్‌సెన్‌షూకాయ్’ ప్రతిని షోగున్ ప్రభుత్వానికి సమర్పించి, తమను కొలువులోకి తీసుకోమని అర్జీ పెట్టుకున్నారు. వెండి నాణేలు చేతికొచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. రహస్యంగా ఉంచుతామని ప్రమాణం చేసిన విద్యను పొట్టకూటి కోసం కార్యాలయం బల్ల మీద పెట్టాల్సి వచ్చింది వాళ్లకు.

సరిగ్గా ఈ కాలంలోనే రంగస్థలం నింజాను తన చేతుల్లోకి తీసుకుంది. 1777లో మొదలైన ఒక కబుకి నాటకంలో నిక్కి దంజో అనే ప్రతినాయకుడు ఎలుకగా మారి రహస్య పత్రం ఎత్తుకుపోయి, నోట్లో ఆ పత్రపు చుట్ట కరిచి పట్టుకుని, వేళ్లతో ముద్ర కట్టి రంగస్థలం కింది నుంచి పైకి వస్తాడు. నోట్లో కాగితపు చుట్ట, చేతిలో ముద్ర: నేటి అనిమేలో కనిపించే భంగిమకు మూలాల్లో ఇది ముఖ్యమైనది. 19వ శతాబ్దంలో కప్ప మాయలు చేసే జిరాయా కథలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి. 1817లో వచ్చిన చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మల పుస్తకంలో నల్లబట్టలతో తాడెక్కుతున్న మనిషి బొమ్మ ఉంది. కబుకిలో సామాన్లు అందించే సహాయకులు నల్లబట్టల్లో ఉంటారు, వాళ్లను కనిపించనివాళ్లుగా ప్రేక్షకులు ఒప్పుకుంటారు. నల్ల దుస్తులకు మూలం అదేనని చాలామంది అంటారు. నాటకానికి అదృశ్యాన్ని చూపించాల్సిన అవసరం ఉంది కదా, అందుకు గుర్తుపట్టగలిగే బట్టలు కావాలి. నిజమైన నింజాకు గుర్తుపట్టగలిగే బట్టలంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ముదురు నీలం, గోధుమ వంటి రైతుల బట్టల రంగులే ఆనాటి మామూలు రంగులు.

1910ల్లో ఒసాకా నుంచి వెలువడిన చవక పుస్తకాలు సరుతోబి సాసుకె అనే కల్పిత బాల నింజాను ఇంటింటి పేరు చేశాయి. 1920ల మూకీ సినిమాలు కెమెరా ఆపి మళ్లీ తిప్పి మనిషిని మాయం చేసేశాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1950, 60ల్లో వచ్చిన నవలలు, సినిమాలు ప్రభువుల ఆటలో పావులైన నింజాలను చూపించాయి, నింజా అన్న పిలుపు స్థిరపడింది కూడా అప్పుడే. అంతకు ముందు వాడుకలో ఉన్నవి షినోబి వంటి పేర్లు. 1980ల్లో అమెరికా సినిమాలు దాన్ని ప్రపంచమంతా చేరవేశాయి. నిటారైన చిన్న కత్తికి పాత ఆధారాలు లేవు, 20వ శతాబ్దంలో వచ్చి చేరింది. షురికెన్ అనే విసిరే లోహపు ముక్కలు నిజమే కానీ అవి సమురాయ్ ఆయుధ విద్యల్లోవి. నింజా గ్రంథాల పనిముట్ల జాబితాల్లో నక్షత్రాకారపువాటికి పెద్ద చోటు లేదు. నీటి మీద నడిపించే చెక్క వలయాలను పాదాలకు కట్టుకుని చాలామంది ప్రయత్నించి మునిగారు. వాటి మీద కూర్చుని తేలుతూ వెళ్లేవారన్న వివరణే నమ్మేలా ఉంది. మహిళా నింజాల దళాన్ని నడిపిందని చెప్పే మొచిజుకి చియోమె కథకు సమకాలీన ఆధారం లేదు. ‘బాన్‌సెన్‌షూకాయ్’లో ఉన్నది శత్రువు ఇంటి లోపలి విషయాల కోసం స్త్రీలను పంపే పద్ధతి మాత్రమే.

కల్పన పుట్టడం తప్పని కాదు. దానివల్లే 2017లో మియె విశ్వవిద్యాలయంలో నింజా పరిశోధన కేంద్రం ఏర్పడేంత ఆసక్తి పోగయ్యింది, పాత కుటుంబాల అటకల మీది కాగితాలు బయటికి వస్తున్నాయి. నష్టం ఎక్కడంటే, కథ బలంగా ఉన్నకొద్దీ అసలు మనుషులు కనుమరుగవుతారు. 1850ల్లో అమెరికా నౌకాధిపతి పెర్రీ నల్ల ఓడలు వచ్చినప్పుడు, ఇగా వంశీకుడైన సవమురా యసుసుకె ఓడలోకి వెళ్లి రొట్టె, పొగాకు, కొవ్వొత్తులు, కొన్ని కాగితాలు తెచ్చాడని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. నింజాల చివరి పనిగా పేరుపడిన ఆ యాత్రలో గోడ దూకడం లేదు. కోగాలో మందుల తయారీ, మందులు మోసుకుంటూ ఊరూరా తిరిగిన యమబుషి సంప్రదాయం నేటికీ అక్కడి ఔషధ పరిశ్రమ రూపంలో బతికే ఉంది.

మన పిల్లలకు నింజాను పరిచయం చేసింది ఎక్కువగా ‘నింజా హత్తోరి’ కార్టూన్. 1964లో కామిక్‌గా మొదలైన ఆ కథ తెలుగు డబ్బింగ్‌లో ఇంటింటికీ చేరింది. 2012 నుంచి వచ్చిన కొత్త ఎపిసోడ్ల నిర్మాణంలో భారతీయ సంస్థకూ భాగముంది. అందులో హత్తోరిది ఇగా, అతని ప్రత్యర్థిది కోగా, ఇద్దరికీ క్షణం పడదు. ఈ వైరం కూడా కథకుల సృష్టే. ఇగా కుటుంబాల కట్టుబాటు పత్రంలో చివరిదైన 11వ అంశం కోగా గురించే: కోగాతో సాయం ఇచ్చిపుచ్చుకోవడం మనకు అన్నిటికంటే ముఖ్యం, రెండు ప్రాంతాల సరిహద్దులో ఆరుబయట ఉమ్మడి సమావేశం త్వరలోనే జరపాలి.